సముద్రం దాకా పోనక్కరలేని పెళ్లి: వికారాబాద్ జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

వికారాబాద్ జిల్లా కలెక్టర్, జిల్లా మేజిస్ట్రేట్ గారికి,

ఇంట్లో ఒప్పుకోరని తెలిసిన ఇద్దరు పెద్దలకు చెప్పకుండా ఊరు దాటి వెళ్లి చేసుకునే పెళ్లికి తెలుగునాట వాడే మాట ‘లేచిపోవడం’. ఆ మాటలో పెళ్లి అన్న ధ్వనే లేదు. ఉన్నదల్లా రాత్రికి రాత్రి ఇల్లు విడిచి వెళ్లారన్న నింద, ఆ నింద అబ్బాయి మీద కంటె అమ్మాయి మీదే ఎక్కువగా పడుతుంది, ఏళ్లు గడిచినా ఆమె తల్లి నలుగురిలోకి వచ్చినప్పుడల్లా మళ్లీ పైకి లేస్తుంది. ఇదే పనికి ఇంగ్లీషువాళ్లు వాడే ‘ఎలోప్‌మెంట్’ అన్న మాట మాత్రం ఇటీవల కొత్త అర్థం తెచ్చుకుంది: బంధుబలగం హడావుడి లేకుండా, జంట తమకు నచ్చిన అందమైన చోటికి, ముఖ్యంగా సముద్రపు ఒడ్డుకి వెళ్లి, ఇద్దరు ముగ్గురు ఆప్తుల మధ్య చేసుకునే చిన్న పెళ్లికి ఇప్పుడు ఆ పేరు చెల్లుతోంది. గోవా నుంచి భీమిలి దాకా రిసార్టులలో ఇటువంటి పెళ్లిళ్లు జరుగుతున్నాయి. ఒకే తీరం ఒకరికి ఫొటోల కోసం, మరొకరికి తలదాచుకోవడం కోసం పనికివస్తున్న ఈ కాలంలో, వికారాబాద్, తాండూరు ప్రాంతాల నుంచి బయలుదేరే రెండవ రకం జంటల గురించి ఈ లేఖ.

ఈ జిల్లాకు సముద్రం లేదు. అనంతగిరి కొండల మీద వెలసిన అనంత పద్మనాభస్వామి పాలకడలిలో శేషశయ్య మీద పవళించిన దేవుడే గాని, ఆ కొండల చుట్టూ ఉన్నది అడవి, ఎర్రమట్టి, కందిచేలు. తాండూరు వైపు వెళితే నాపరాతి గనులు, సిమెంటు కర్మాగారాలు, కర్ణాటక సరిహద్దు. అయినా సముద్రానికి దారి ఇక్కడి నుంచే మొదలవుతుంది. అనంతగిరిలో పుట్టిన మూసీ హైదరాబాదు మీదుగా సాగి వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది, కృష్ణ హంసలదీవి వద్ద బంగాళాఖాతంలో కలుస్తుంది. మనుషులు వెళ్లే దారి ఇంకా సులువైనది: ముంబై నుంచి భువనేశ్వర్ వెళ్లే కోణార్క్ ఎక్స్‌ప్రెస్ తాండూరు, వికారాబాద్, సికింద్రాబాద్ మీదుగా విశాఖపట్నం చేరుతుంది.

ఆ దారి ఎటువంటిదో ఈ జిల్లాకు చెందిన ఒక జంట కథ చెబుతుంది. మర్పల్లి మండలానికి చెందిన ఒక దళిత యువకుడు, ఆ పక్క ఊరి ముస్లిం యువతి చదువుకునే రోజుల నుంచి ఒకరినొకరు ఎరిగినవారు. ఆమె ఇంట్లో ఒప్పుకోలేదు. 2022 జనవరి చివరలో హైదరాబాదులోని ఆర్య సమాజంలో పెళ్లి చేసుకుని, ప్రాణభయంతో విశాఖపట్నం వెళ్లి కొంతకాలం అక్కడ ఉన్నారు. ఆ తరువాత తిరిగివచ్చి సరూర్‌నగర్‌లో ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నారు. వచ్చిన కొద్ది రోజులకే, 2022 మే 4 రాత్రి, నడిరోడ్డు మీద జనం చూస్తుండగా, భార్య అడ్డుపడి ఎంత మొత్తుకున్నా ఆగకుండా, ఆ యువకుడిని చంపారు. ఆమె సోదరుడిని, మరొక బంధువును పోలీసులు అరెస్టు చేశారు. ఆ మహిళ తన ఇష్టంతో పెళ్లి చేసుకుందనీ, ఆమె భర్తను చంపే హక్కు సోదరుడికి లేదనీ, ఈ పని రాజ్యాంగం దృష్టిలోనే కాక ఇస్లాం దృష్టిలోనూ ఘోరమైన నేరమనీ హైదరాబాదు ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ బహిరంగంగా ఖండించారు. దీనిని ఒక మతానికి అంటగట్టి చూడడం న్యాయం కాదు. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో, మూసీ కృష్ణలో కలిసే వాడపల్లికి కొద్ది దూరంలోనే, గర్భవతి అయిన భార్యతో ఆసుపత్రి నుంచి బయటికి వస్తున్న దళిత యువకుడిని ఆమె తండ్రి కిరాయి హంతకుడితో చంపించాడు. అక్కడ కారణం కులం. ఆ కేసులో 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం విధించింది.

మర్పల్లి జంట విషయంలో తమ దృష్టికి తేవలసినది ఒక్కటే. విశాఖపట్నంలో ఉన్నంతకాలం వారికి ప్రమాదం జరగలేదు, తిరిగి వచ్చినప్పుడే జరిగింది. ఎంత అందమైన తీరమైనా జీవితాంతం అక్కడే ఉండిపోవడం కూలికో, చిన్న ఉద్యోగానికో వెళ్లేవారికి సాధ్యం కాదు. తల్లి, చెల్లెలు, చేలు, భాష, పనిచ్చే పరిచయస్తులు, అన్నీ ఇక్కడే ఉంటాయి. కాబట్టి లేచిపోవడానికి వేసే పథకంలో ఎక్కడికి వెళ్లాలన్నది చిన్న ప్రశ్న, ఎలా తిరిగి రావాలన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు విశాఖ జిల్లా యంత్రాంగం దగ్గర దొరకదు, వికారాబాద్ జిల్లా యంత్రాంగం దగ్గరే ఉంటుంది.

ఇటువంటి పెళ్లి మన సంప్రదాయానికి పరాయిదన్న మాట తరచుగా వినిపిస్తుంది. కాని ధర్మశాస్త్రాలే ఎనిమిది రకాల వివాహాలను లెక్కించి, వధూవరుల పరస్పర సమ్మతే ఆధారంగా జరిగే పెళ్లికి గాంధర్వమని పేరు పెట్టాయి. అంతకంటె దగ్గరి సాక్ష్యం మన ఇళ్లలోనే ఉంది: పెళ్లి కుదరడం ఆలస్యమైన ఆడపిల్లల చేత పెద్దలే రుక్మిణీ కల్యాణం పారాయణ చేయిస్తారు. పోతన భాగవతంలోని ఆ కథ సారాంశం చూస్తే, ఒక అమ్మాయి తన ‘లేచిపోవడాన్ని’ తానే అడుగడుగూ ఆలోచించి పథకం వేసిన కథ అది. అన్న రుక్మి తనకు నచ్చిన శిశుపాలుడికి చెల్లెలినివ్వడానికి నిశ్చయిస్తే, రుక్మిణి అగ్నిద్యోతనుడనే బ్రాహ్మణుడి చేత, సముద్రతీరంలోని ద్వారకలో ఉన్న కృష్ణుడికి సందేశం పంపుతుంది. అంతఃపురంలోకి వచ్చి తీసుకువెళితే తన బంధువులను చంపవలసి వస్తుందని ఊహించి, అలా జరగకుండా ఉండేందుకు, పెళ్లికి ముందురోజు ఊరి బయటి గౌరీదేవి గుడికి తాను వెళ్లే ఆచారం ఉందనీ, అక్కడికి రమ్మనీ చెబుతుంది. తరుముకుంటూ వచ్చి ఓడిపోయిన అన్నను చంపవద్దని మళ్లీ ఆమే వేడుకుంటుంది. పెళ్లి మాత్రం దారిలో గుట్టుగా జరగదు, ద్వారకలో అందరి ఎదుట శాస్త్రోక్తంగా జరుగుతుంది. చోటు, సమయం, దూత, ఎవరి రక్తమూ చిందకూడదన్న జాగ్రత్త, చివర నలుగురి ముందు పెళ్లి, అన్నీ ఆలోచించిన ఆ యువతిని పూజించే ఇళ్లలోనే అదే ఆలోచన చేసిన కూతురిని చచ్చిందనుకోవడం ఎంత బాధాకరమో వేరే చెప్పనక్కరలేదు. రుక్మిణి పుట్టిన విదర్భ కూడా సముద్రం లేని దేశమే.

ఇక చట్టం దగ్గరికి వస్తే, ఇద్దరూ హిందువులైతే దారి కొంత సుగమం. 1955 నాటి హిందూ వివాహ చట్టం ప్రకారం వధూవరులలో ఏ పక్షం ఆచారం ప్రకారమైనా పెళ్లి జరగవచ్చు, సప్తపది ఉన్న ఆచారంలో అగ్ని ముందు ఏడవ అడుగుతో పెళ్లి పూర్తయినట్టు; అన్నవరంలో జరిగినా సింహాచలంలో జరిగినా తరువాత రిజిస్టరు చేయించుకోవచ్చు. అయితే ఇసుక మీద పూలపందిరి వేసి ఉంగరాలు మార్చుకున్నంత మాత్రాన పెళ్లి కాదు. పద్ధతి ప్రకారం పెళ్లి జరగనిదే రిజిస్ట్రేషన్ కాగితం ఒక్కటే దానిని పెళ్లి చేయలేదని సుప్రీంకోర్టు 2024లో స్పష్టం చేసింది గనుక, రిసార్టు ఇచ్చే అందమైన పత్రాన్ని నమ్ముకున్న జంట రేపు పోలీసుల ముందు, బ్యాంకు ముందు ఏ ఆధారమూ లేకుండా నిలబడుతుంది.

మతాలు వేరైన జంటకు, మతం మారకుండా ఉన్న దారి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం. దాని మొదటి మెట్టు నోటీసు, అంటే ఫలానా ఇద్దరు పెళ్లి చేసుకోబోతున్నారని వివాహాధికారికి రాతపూర్వకంగా ఇచ్చే తెలియజేత. ఆ అధికారి సాధారణంగా రిజిస్ట్రేషన్ శాఖకు చెందినవారు. ఇద్దరిలో ఒకరైనా ఆ జిల్లాలో అంతకు ముందు 30 రోజులుగా నివసిస్తూ ఉండాలి. నోటీసు ఇచ్చాక అభ్యంతరాల కోసం మరో 30 రోజులు ఆగాలి. ఆ రోజులన్నీ నోటీసు ప్రతి ఒకటి కార్యాలయంలో అందరికీ కనబడే చోట అతికించి ఉంటుంది. ఆ కాగితాన్ని కొంచెం దగ్గరగా చూడాలి. అందులో పేరు, పెళ్లికానివారా లేక భర్తనో భార్యనో కోల్పోయినవారా అన్న వివరం, వృత్తి, వయసు, నివాసస్థలం, అది శాశ్వతం కాకపోతే శాశ్వత నివాసస్థలం, ప్రస్తుత చోట ఎంతకాలంగా ఉంటున్నారన్న లెక్క, వరుసగా గడులు గీసి ఉంటాయి. భూమి రిజిస్ట్రేషన్‌కు వచ్చిన దూరపు బంధువు, డాక్యుమెంట్ రైటర్, ఊళ్లో పెద్దమనిషి, ఎవరైనా గోడ దగ్గర ఒక్క నిమిషం నిలబడితే చాలు, దాక్కున్న జంట ఎక్కడుందో ఆ గడులు చెప్పేస్తాయి.

సముద్రతీరానికి వెళ్లినా ఈ కాగితం వెంటాడుతుంది. తాండూరు అమ్మాయి, అబ్బాయి విశాఖలో నెల రోజులు అద్దెకుండి అక్కడ నోటీసు ఇచ్చినా, వారి శాశ్వత నివాసం వేరే జిల్లా గనుక, చట్టంలోని 6వ సెక్షన్ ప్రకారం ఆ నోటీసు ప్రతి వారి సొంత జిల్లాకు వస్తుంది, ఇక్కడి కార్యాలయంలోనూ అతికించాలి. అంటే దాదాపు ఎనిమిది వందల కిలోమీటర్ల దూరం పారిపోయిన జంట జాడ వారి ఇంటి ముంగిటికే తిరిగి చేరుతుంది. 1872లో బ్రిటిష్ ప్రభుత్వం చేసిన పాత చట్టంలో ఈ గడువు 14 రోజులే. స్వతంత్ర భారతం దానిని 30 రోజులకు పెంచింది. ఈ నిరీక్షణకు భయపడే చాలామంది ఒక్కరోజులో ముగిసే పెళ్లిళ్ల వైపు, కొందరు ఇష్టం లేని మతమార్పిడి వైపు వెళుతున్నారు.

చట్టమే జనాన్ని ఊరు దాటించిన ఉదాహరణ ఇంగ్లండు చరిత్రలో ఉంది. 1753లో అక్కడి పార్లమెంటు చేసిన చట్టం చర్చిలో ముందుగా చాటింపు వేయాలనీ, 21 ఏళ్లు నిండనివారికి పెద్దల సమ్మతి ఉండాలనీ కట్టడి చేస్తే, ఆ చట్టం వర్తించని స్కాట్లండు వైపు జంటలు పరుగెత్తాయి. సరిహద్దు దాటగానే వచ్చే గ్రెట్నా గ్రీన్ అనే పల్లె అందుకే పేరుపడింది. 1856లో, పెళ్లికి ముందు ఇద్దరిలో ఒకరైనా 21 రోజులు స్కాట్లండులో నివసించి ఉండాలన్న నిబంధన తెచ్చి ఆ పరుగును అడ్డుకున్నారు. మన జంటల ఎదుట ఉన్నది 21 కాదు, ముందు 30, ఆపై మరో 30.

నోటీసు నియమం మార్చడం కలెక్టర్ గారి చేతిలో లేదు. 2021 జనవరి 12న అలహాబాద్ హైకోర్టు, జంట రాతపూర్వకంగా కోరితే తప్ప నోటీసును ప్రచురించనక్కరలేదని చెప్పింది గాని, అది ఉత్తరప్రదేశ్ కార్యాలయాలకు వర్తించే తీర్పు. అయితే చట్టం చెప్పనిది చేయకుండా చూడడం ఇక్కడా సాధ్యమే. కార్యాలయంలో అతికించమని చట్టం అన్నది, అమ్మానాన్నల ఇంటికి ఉత్తరం పంపమని అనలేదు; అలా ఇళ్లకు నోటీసులు పంపడం చట్టంలో లేని పని అని ఢిల్లీ హైకోర్టు 2009లోనే చెప్పింది. అభ్యంతరం చెప్పడానికి కూడా చట్టం గుర్తించే కారణాలు కొన్నే: ఇదివరకే భర్తో భార్యో జీవించి ఉండడం, సమ్మతి చెప్పలేని మానసిక స్థితి, అబ్బాయికి 21, అమ్మాయికి 18 ఏళ్లు నిండకపోవడం, నిషిద్ధమైన దగ్గరి చుట్టరికం. కులం అందులో లేదు, మతం లేదు, పరువు అసలే లేదు. సద్బుద్ధి లేకుండా అభ్యంతరం పెట్టినవారిపై వెయ్యి రూపాయల దాకా ఖర్చులు విధించే అధికారం కూడా వివాహాధికారికి ఉంది. ఈ నాలుగు మాటలు అదే గోడ మీద, నోటీసు పక్కనే, తెలుగులో, ఉర్దూలో, తాండూరు వైపు కన్నడంలో కూడా అతికిస్తే, అభ్యంతరం రాయడానికి కలం తీసిన మేనమామ ఒక్కసారి ఆగి చదువుతాడు.

ఇంతకంటె పెద్ద బాధ్యత నేరుగా తమ పేరనే ఉంది. 2018 మార్చి 27న శక్తి వాహిని కేసులో సుప్రీంకోర్టు, కుటుంబమో కులమో వ్యతిరేకించే జంటల కోసం ప్రతి జిల్లా కేంద్రంలో సేఫ్ హౌస్, అంటే పోలీసు రక్షణతో కూడిన ఆశ్రయ గృహం, ఏర్పాటు చేసే విషయం ఆలోచించాలని రాష్ట్రాలను ఆదేశించింది. పెళ్లయినవారికే కాదు, పెళ్లి చేసుకోదలచినవారికి కూడా అక్కడ చోటు ఇవ్వవచ్చు. నామమాత్రపు రుసుముతో మొదట ఒక నెల, అవసరాన్నిబట్టి నెలనెలా పొడిగిస్తూ ఏడాది దాకా ఉండనివ్వవచ్చు. వయోజనులు కోరితే పోలీసు రక్షణలో పెళ్లికి, రిజిస్ట్రేషన్‌కు సాయం చేయాలి. ఈ గృహాలు జిల్లా మేజిస్ట్రేట్, జిల్లా ఎస్పీల పర్యవేక్షణలో ఉండవచ్చునని తీర్పు చెబుతోంది. ఎస్పీ, జిల్లా సాంఘిక సంక్షేమ అధికారి తదితరులతో ప్రత్యేక విభాగం, 24 గంటల ఫోన్ సదుపాయం కూడా ఆ తీర్పులోనివే.

ఇప్పుడు మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేసిన మహిళకు సఖి కేంద్రం అండగా నిలుస్తుంది. హింసకు గురైన స్త్రీల కోసం ఏర్పడిన ఆ కేంద్రం సేవ చాలా విలువైనది. కాని అక్కడి తాత్కాలిక వసతి ఐదు రోజులకు మించనిది, అదీ స్త్రీకే. ఆమెతోపాటు వచ్చిన అబ్బాయి ఎక్కడ ఉండాలి? చట్టం ఆగమంటున్న 30 రోజులలో మిగిలిన 25 రోజులు ఆమె ఎక్కడ ఉండాలి? ఆ 25 రోజుల లెక్క తేలక జంటలు విశాఖ రైలు ఎక్కుతున్నాయి. సుప్రీంకోర్టు చెప్పిన తొలి నెల గడువు, చట్టం పెట్టిన నోటీసు గడువు ఒకదానికొకటి సరిగ్గా అమరిపోతాయి. వికారాబాద్‌లో ఒక సేఫ్ హౌస్ తలుపు తెరిచి ఉంటే, జంట ఈ జిల్లాలోనే నోటీసు ఇచ్చి, ఈ జిల్లాలోనే ఆగి, ఈ జిల్లాలోనే పెళ్లి చేసుకోగలుగుతుంది. ఆ తలుపు ఎక్కడుందో, ఏ నంబరుకు ఫోన్ చేస్తే ఎవరు పలుకుతారో కొడంగల్ కాలేజీ అమ్మాయికీ, తాండూరు బండల పాలిషింగ్ యూనిట్‌లో పనిచేసే అబ్బాయికీ తెలిసేలా బస్టాండులో, రైల్వే స్టేషనులో, కాలేజీ గోడ మీద రాసి ఉండాలి. వధూవరులలో ఒకరు ఎస్సీ అయిన కులాంతర వివాహానికి రెండున్నర లక్షల రూపాయల ప్రోత్సాహకం ఇచ్చే ప్రభుత్వం, ఆ పెళ్లి జరిగేదాకా ఆ ఇద్దరూ ప్రాణాలతో ఉండే ఏర్పాటు కూడా చేయడం న్యాయం.

తల్లిదండ్రుల భయాన్ని ఈ లేఖ చిన్నచూపు చూడడం లేదు. పదహారేళ్ల పిల్లకు మాయమాటలు చెప్పి తీసుకువెళ్లడం ప్రేమ కాదు, పోక్సో చట్టం కింద నేరం. అటువంటి చోట పోలీసులు వెంటనే కదలాలి. మైనారిటీ తీరిన కూతురి విషయంలో మాత్రం మిస్సింగ్ కేసు ఆమెను వెతికేందుకే గాని, ఇంటికి లాక్కువచ్చేందుకు కాదు. క్షేమంగా ఉందని తెలిశాక, తన ఇష్టంతో వెళ్లానని మేజిస్ట్రేటు ముందు చెప్పాక, ఆమె ఎక్కడ ఉండాలో ఆమే నిర్ణయించుకుంటుంది. ఆ రోజు స్టేషను బయట బెంచీ మీద కూర్చున్న తండ్రితో కూడా ఎవరో ఒకరు ఓపికగా మాట్లాడాలి. అతని చుట్టూ చేరి పరువు పోయిందని రెచ్చగొట్టేవారు ఉంటారు, నెమ్మది చెప్పేవారే తక్కువ. ప్రత్యేక విభాగంలో అందుకు తగిన కౌన్సెలర్ ఉంటే, తిరిగి వచ్చే జంటకు అంతకు మించిన రక్షణ లేదు.

చివరగా ఒక చిన్న విన్నపం. ప్రత్యేక వివాహ చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం పెళ్లి కార్యాలయంలోనే జరగనక్కరలేదు. జంట కోరితే, తగిన రుసుము కట్టించుకుని, అక్కడికి సహేతుకమైన దూరంలో ఉన్న వేరే చోట కూడా వివాహాధికారి జరిపించవచ్చు. అధికారి, ముగ్గురు సాక్షులు వింటూ ఉండగా, ఒకరినొకరు చట్టబద్ధమైన భర్తగా, భార్యగా స్వీకరిస్తున్నామని చెప్పుకుంటే చాలు, మిగిలిన తంతు ఎలా ఉండాలన్నది వారి ఇష్టం. వికారాబాద్ పట్టణానికి అనంతగిరి కొండ సహేతుకమైన దూరమే, కోట్‌పల్లి చెరువు గట్టు కూడా దూరం కాదు. నోటీసు గడువు నిశ్చింతగా గడిపిన ఒక జంట, మూసీ పుట్టే చోట ఆ ఒక్క వాక్యం చెప్పుకుని, సంతకాలు చేసి, సముద్రం చూడాలనిపిస్తే సాయంత్రం రైలుకు విశాఖ వెళ్లవచ్చు. తిరుగు ప్రయాణానికి టికెట్లు కూడా అప్పుడే తీసుకుని.

ఇట్లు,
ఒక జిల్లావాసి